ఒగ్గుకథ : గళము, దేహము, యంత్రధ్వని

పాలకుర్తి యనగానే సాహిత్యవిద్యార్థికి మొదట స్మరణకు వచ్చువాడు సోమనాథుడు. ఆ కవి జన్మస్థలమును గూర్చి పండితులలో భిన్నాభిప్రాయములు వెలువడినను, నేటి జనగామ జిల్లాలోని యీ గ్రామమే యాతని యూరని పలువురు అంగీకరించిరి. కాకతీయుల కాలమున నాతడు ద్విపదలో రచించిన పండితారాధ్య చరిత్రమందలి పర్వతప్రకరణము తెలుగువారి ప్రదర్శనకళల చరిత్రకు ముఖ్యమైన యాధారము. తుమ్మెదపదములు, ప్రభాతపదములు, పర్వతపదములు, వెన్నెలపదములు మున్నగు పాటల పేర్లు మనకు దక్కినది ఆ గ్రంథము వలననే. కాని ఆ పదములను పాడిన గళము లెట్లు పలికెనో, ఆ దేహము లెట్లు కదలెనో నేడు మనకు తెలియదు. వ్రాత పేరును నిలిపినది, నాదమును నిలుపలేకపోయినది. పాలకుర్తి పరిసరములలో నేటికిని జీవించియున్న ఒగ్గుకథకు ఇట్టి గతి పట్టునా యనునదియే యీ వ్యాసమున విచారింపదగిన విషయము.

ఒగ్గు అనగా శివుని డమరుకము. కురుమలకును గొల్లలకును పౌరోహిత్యము నెఱపు ఒగ్గువారు మల్లన్న, బీరప్ప, ఎల్లమ్మ కథలను చెప్పుదురు. ప్రధానకథకునికి వంతపలుకువారు, డోలు, తాళములు తోడుగా నుండును. కథకుడు ఒక్కడే యయ్యు క్షణములో రాజగును, క్షణములో తల్లియగును. అందులకు వేషము మార్చుకొన నక్కఱలేదు. స్వరము హెచ్చుతగ్గులు, నడుము వంపు, చేతి విసురు చాలును. మాట యెక్కడ పాటయయ్యెనో, పాట యెక్కడ చిందయ్యెనో ప్రేక్షకుడు గుర్తింపలేడు. డోలు తాళమును మాత్రమే నిలుపదు. పాత్ర కోపించినపుడు తానును కోపించును. కావున ఒగ్గుకథలో గళము వేఱు, దేహము వేఱు కాదు.

జనగామ సీమలోని మాణిక్యాపురమునకు చెందిన చుక్క సత్తయ్యగారు (1935–2017) ఈ కళను గుడి ముంగిటినుండి నగర రంగస్థలములకు గొనిపోయిన వారిలో అగ్రగణ్యులు. వారు కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారమును బడసిరి. ఇట్టి కళాకారుల తరమునందే యంత్రము ఒగ్గుకథలో ప్రవేశించినది. మైకు కథకుని పలుకును వేలమందికి వినిపించినది. కాని యొక నియమమును గూడ విధించినది. నిలువుమైకు ముందు నిలిచినచో చిందు కుంచించుకొనును. చిందు త్రొక్కుచు దూరమేగినచో మాట సన్నగిల్లును. రేడియో గళమును మాత్రమే గ్రహించి దేహమును విడిచినది. కథను అచ్చువేసిన గ్రంథము రెండింటిని విడిచినది.

ఇచ్చట పాశ్చాత్యుల ప్రయోగములను పోల్చి చూచుట ప్రయోజనకరము. 1950లో పారిస్ నగరమున పియెర్ షేఫర్, పియెర్ ఆన్రీ కలిసి ‘ఒంటరి మనిషికొక సింఫనీ’ అను నర్థము గల కృతిని ప్రదర్శించిరి. అందు శ్వాస, అడుగుల చప్పుడు, ఈల, కేక మున్నగు మానవధ్వనులు సంగీతసామగ్రి యైనవి. 1961లో లూచియానో బేరియో, గాయని కేథీ బెర్బేరియన్ నవ్వును, ఏడుపును, అర్థములేని పలుకులను టేపుపై విద్యుద్ధ్వనులతో మేళవించెను. ఈ కృతులలో యంత్రము గళమును దేహమునుండి వేఱుచేసినది. పిమ్మట వచ్చిన ప్రయోక్తలు రంగస్థలముమీద దేహమును, గళమును, యంత్రధ్వనిని మరల నొకచో చేర్ప యత్నించిరి. వారు విడదీసి కలుపజూచినది ఒగ్గువారి యొద్ద మొదటినుండియు కలిసియే యున్నది. యంత్రము శత్రువని దీని భావము కాదు. అది దేనిని గ్రహించుచున్నదో, దేనిని విడుచుచున్నదో యెఱుగవలెనని మాత్రమే భావము.

జానపదవాఙ్మయ పరిశోధనకు బిరుదురాజు రామరాజుగారు వేసిన బాట విలువ యెన్నరానిది. 1958లో గ్రంథరూపమున వెలువడిన వారి ‘తెలుగు జానపదగేయ సాహిత్యము’ మనకు పాఠమును సేకరించుట నేర్పినది. ఇక చేయవలసినది పాఠము వెనుకనున్న ప్రదర్శనమును సేకరించుట. ఒగ్గుకథను రికార్డు చేయు పరిశోధకవిద్యార్థి మైకు ఎచ్చట నున్నదో, అది లేనపుడు కథకుడెట్లు కదలెనో, ఏ పలుకునకు డోలు బదులు పలికెనో కూడ గుర్తింపవలెను. కొన్ని రాత్రులైనను మైకు లేకుండ చెప్పించి చిత్రీకరింపవలెను.

సోమనాథుని నాటికి అట్టి సాధనములు లేవు. ఐనను నాతడు పేర్లనైన మిగిల్చెను. సకల సాధనములు గల మనము పేర్లు మాత్రమే మిగిల్చినచో రాబోవు విద్యార్థులకు చెప్పుకొన సమాధానముండదు.