గుమ్మం దాటిన తరువాత

ఉద్యోగవిరమణ చేసినవారి పింఛను కాగితాలు కదలాలంటే ముందుగా వారికి "నో డ్యూస్" పత్రం కావాలి. ఈ వ్యక్తి సంస్థకు ఏమీ బాకీ లేడని ఒక్కొక్క విభాగమూ సంతకం చేసి ఇచ్చే కాగితమది. విశ్వవిద్యాలయాలలో ఆ సంతకాలలో గ్రంథాలయానిది ఒకటి. తీసుకున్న పుస్తకాలన్నీ అప్పజెప్పి, చివరకు సభ్యత్వపు కార్డును కూడా ఇచ్చివేస్తే తప్ప అక్కడ సంతకం పడదు.

నాకు తెలిసిన ఒక చరిత్రాచార్యులు కోస్తా జిల్లాలలోని ఒక విశ్వవిద్యాలయంలో ముప్ఫై రెండేళ్ళు పాఠం చెప్పి విరమించారు. కార్డు ఇచ్చివేసిన మర్నాడు అలవాటు చొప్పున గ్రంథాలయానికి వెళ్ళారట. గుమ్మం దగ్గర కొత్తగా చేరిన కుర్రవాడు కార్డు చూపించమన్నాడు. ఆయన గొడవపడలేదు. "నిజమే నాయనా, మర్చిపోయాను" అని వెనుదిరిగి వచ్చేశారు. ఈ సంగతి నాకు మాస్టారు చెప్పలేదు. అదే గ్రంథాలయంలో అటెండరుగా పనిచేసి, ఆయన కంటే రెండేళ్ళు ముందు విరమించిన పెద్దమనిషి చెప్పాడు. చెబుతున్నప్పుడు ఆయన గొంతులో కోపం వినిపించింది. "ఆ కుర్రాడి తప్పు కాదండీ. కానీ ఏ పుస్తకం ఏ బీరువాలో ఉందో మాస్టారికీ నాకూ తెలిసినట్టు లోపలున్న వాళ్ళెవరికీ తెలియదు" అన్నాడు.

చాలాకాలంగా ఆ గుమ్మం గురించి వ్రాయాలని ఉంది. ఉద్యోగం ముగిసిన ఆచార్యునికీ, గుమాస్తాకూ, అటెండరుకూ విశ్వవిద్యాలయంతో ఉండవలసిన సంబంధమేమిటి? ప్రశ్న చిన్నదే కాని, దాని చరిత్ర చిన్నది కాదు.

మన గిడుగు రామమూర్తి పంతులుగారితో మొదలుపెడతాను. ఆయన పర్లాకిమిడి రాజావారి కళాశాలలో అధ్యాపకత్వం నుంచి 1911లో విరమించారు. అప్పటికాయనకు నలభై ఎనిమిదేళ్ళు. ఈనాడు మనం ఆయన పేరు తలచుకొనే పనులలో అధికభాగం ఆ తరువాతివే. వ్యావహారిక భాషకోసం ఊరూరా తిరిగి చేసిన వాదోపవాదాలు, 1919లో కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా తాను కార్యదర్శిగా నెలకొల్పిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం, అదే ఏట నడిపిన "తెలుగు" పత్రిక, సవర భాషకు 1931లో వెలువరించిన వ్యాకరణ బోధిని, 1938లో అచ్చయిన సవర-ఇంగ్లీషు నిఘంటువు - ఇవన్నీ కొలువు విడిచిన మనిషి చేసిన పనులు. నిఘంటువు వచ్చేనాటికి ఆయనకు డెబ్భై అయిదేళ్ళు. రెండేళ్ళకే, 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఇటువంటి ఉదాహరణ చెప్పి "ఉత్సాహం ఉండాలే గాని వయసుదేముంది" అనడం సభలలో పరిపాటి. నేను దానితో ఏకీభవించను. గిడుగువారు నడిచేందుకు దారి లేనప్పుడు దారి వేసుకోగల మనిషి. అందరూ అటువంటివారు కారు. సంస్థలు ఏర్పడేది ఆ మిగిలినవారికోసమే. కావున అసాధారణుల మాట పక్కనపెట్టి, సాధారణ ఆచార్యుని వార్ధక్యం గురించి లోకం ఎప్పుడు ఆలోచించిందో చూద్దాం.

ఆ ఆలోచనకు పెద్ద రూపం ఇచ్చినవాడు ఆచార్యుడు కాదు, ఉక్కు వ్యాపారి. ఆండ్రూ కార్నెగీ 1890లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి ధర్మకర్త అయ్యాడు. అక్కడి ఆచార్యుల జీతాలు తన దగ్గర పనిచేసే గుమాస్తాల జీతాలతో కూడా సరితూగవని తెలిసి నిర్ఘాంతపోయాడు. అంత తక్కువ జీతంలో మిగిలేదేమీ ఉండదు. మిగలనివాడు విరమించలేడు. వినికిడి పోయినా చూపు తగ్గినా తరగతికి వస్తూనే ఉండేవారు. 1905లో కార్నెగీ కోటి డాలర్ల నిధి ఏర్పాటు చేసి, కళాశాల అధ్యాపకులకు దానినుండి పింఛను ఇమ్మన్నాడు.

దానం ఊరికే రాదు. మతశాఖల అధీనంలోని కళాశాలలకు పింఛను లేదన్నారు. కనీసం ఆరుగురు పూర్తికాలపు ఆచార్యులు ఉండాలన్నారు. హైస్కూలులో ఇన్ని గంటల చదువు పూర్తి చేసినవారినే చేర్చుకోవాలన్నారు. పింఛను కోసం కొన్ని కళాశాలలు తరతరాలుగా చర్చితో ఉన్న బంధాన్ని తెంచుకున్నాయి. అమెరికా పాఠశాలలలో చదువును కొలిచే "కార్నెగీ యూనిట్" అనే కొలమానం పుట్టింది ఈ పింఛను షరతులోనుంచే. ముసలి పంతుళ్ళ అన్నం కోసం మొదలైన పని పిల్లల చదువు లెక్కను మార్చివేసిందన్నమాట.

దయకు ఇంకొక స్వభావం ఉంది. అది ఒకరి చేతిలో ఉంటుంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాధ్యక్ష పదవిని 1910లో విడిచి రాజకీయాలలోకి దిగిన వుడ్రో విల్సన్ ఈ నిధికి పింఛను కోసం దరఖాస్తు పెట్టుకొన్నాడు. వారు కాదన్నారు. ఆ సంగతి మరుసటి ఏడాది పత్రికలకెక్కి ఆయనను ఇబ్బంది పెట్టింది. 1913లో ఆయన దేశాధ్యక్షుడయ్యాడు కాబట్టి ఇది మనకు తెలిసింది. అలా కాదనిపించుకొని ఊరుకున్న మామూలు పంతుళ్ళ పేర్లు మనకు తెలియవు.

ఆ కోటి డాలర్లు సరిపోలేదు. 1908లో మరో యాభై లక్షలు చేర్చినా సరిపోలేదు. అధ్యాపకుల సంఖ్యా పెరిగింది, ఆయుర్దాయమూ పెరిగింది. చివరకు 1918లో ఉచిత పింఛనుకు బదులు అధ్యాపకుడూ సంస్థా చెరికొంత కట్టే బీమా సంఘం వెలిసింది. ఈ కథ వింటే మనవారికి 2004 గుర్తుకు రావాలి. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో కొత్తగా చేరినవారికి పాత పింఛను పోయి, తమ జీతంలోనుంచి కూడా కట్టవలసిన పథకం వచ్చింది. అక్కడ 1918లో జరిగినదే ఇక్కడ 86 ఏళ్ళకు జరిగింది.

ఈ నడుమ మన దేశంలో ఒక గొప్ప మలుపు వచ్చింది. 1979 మార్చి 31న గాని ఆ తరువాత గాని విరమించిన కేంద్రోద్యోగులకు ఉదారమైన పింఛను, అంతకు ముందువారికి పాత పింఛను అని ప్రభుత్వం గీత గీసింది. రక్షణశాఖలో పనిచేసి విరమించిన డి.ఎస్. నకారా, మరికొందరు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1982 డిసెంబరు 17న తీర్పు చెప్పింది. పింఛను యజమాని దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కవలసిన హక్కు, ఒక తేదీని అడ్డుపెట్టి వృద్ధులను రెండుగా చీల్చరాదు అన్నది దాని సారం. ఈనాటికీ పింఛనుదారులు డిసెంబరు 17ను తమ పండుగగా జరుపుకొంటారు. మా ఊరి పింఛనుదారుల సంఘం సభలో ఆచార్యుడూ అటెండరూ పక్కపక్క కుర్చీలలో కూర్చోవడం నేను చూశాను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ వారు అలా కూర్చోలేదు.

అన్నం సంగతి ఇలా దయనుంచి హక్కుకు నడిచింది. మరి పని సంగతి?

రెండవ ప్రపంచయుద్ధ కాలంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని హేస్టింగ్స్ న్యాయకళాశాలకు అధ్యాపకుల కొరత వచ్చింది. డీన్ డేవిడ్ స్నాడ్‌గ్రాస్‌కు ఒక ఉపాయం తోచింది. పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాలు అరవై అయిదేళ్ళు రాగానే ఇంటికి పంపుతున్న న్యాయాచార్యులను పిలిచి ఉద్యోగాలిచ్చాడు. కొరత తీరినా ఆ పద్ధతి ఆగలేదు. దానికి "సిక్స్‌టీ ఫైవ్ క్లబ్" అని పేరు వచ్చింది. దేశంలో పాఠ్యగ్రంథాలు వ్రాసినవారు ఒకే వసారాలో కూర్చొని పాఠాలు చెప్పే కళాశాల అయింది. (ఆ సంస్థ తన పాత పేరును 2023లో మార్చుకొన్నది.) ఇక చట్టం సంగతి చూస్తే, వయసును బట్టి నిర్బంధంగా విరమింపజేయడాన్ని అమెరికా 1986లో రద్దు చేసింది. విశ్వవిద్యాలయాచార్యులకు మాత్రం 1993 చివరివరకు మినహాయింపు ఉండేది. 1994 నుంచి అదీ లేదు.

ఈ తేడా వల్ల మనం ఏమి పోగొట్టుకొన్నామో చెప్పడానికి ఒక్క పేరు చాలు. కల్యంపూడి రాధాకృష్ణారావుగారు తెలుగు కుటుంబంలో 1920లో పుట్టి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో సుమారు నాలుగు దశాబ్దాలు గడిపారు. అరవై దగ్గరపడుతుండగా 1979లో అమెరికా వెళ్ళారు. అక్కడ మరో రెండు దశాబ్దాలు పిట్స్‌బర్గ్‌లోనూ పెన్సిల్వేనియా స్టేట్‌లోనూ ఆచార్యులుగా ఉన్నారు. 2023లో, నూట రెండేళ్ళ వయసులో, అంతర్జాతీయ గణాంక పురస్కారం అందుకొని, ఆ ఆగస్టులో మరణించారు. మన లెక్క ప్రకారం ఆయన పని 1980తో ముగిసిపోవాలి.

అలాగని అందరినీ కడవరకూ కుర్చీలలో ఉంచమని నేననను. కొత్తవారికి చోటు కావాలి. మన విశ్వవిద్యాలయాలలో ఉద్యోగం కోసం ఎదురుచూస్తూ నెరిసిపోతున్న యువకులను చూస్తూ ఆ మాట అనడం అన్యాయం. కావున మూడవ దారి వెదకాలి. జీతమూ అధికారమూ లేకుండా సాంగత్యం మాత్రం మిగిలే దారి.

1973లో ఫ్రాన్సులోని తులూజ్‌లో పియెర్ వెల్లాస్ అనే ఆచార్యుడు విశ్వవిద్యాలయం తలుపులు వృద్ధులకు తెరిచి, దానికి "మూడవ వయసు విశ్వవిద్యాలయం" అని పేరు పెట్టాడు. అక్కడ ఆచార్యులు చెప్పేవారు, వృద్ధులు వినేవారు. 1981లో ఆ ఆలోచన ఇంగ్లండులోని కేంబ్రిడ్జి చేరింది. కుటుంబచరిత్రకారుడు పీటర్ లాస్‌లెట్, ఆయన మిత్రులు దానిని తలకిందులు చేశారు. ఇక్కడ చెప్పేవారు వేరు, వినేవారు వేరు కాదన్నారు. సభ్యులే గురువులు, సభ్యులే శిష్యులు. ప్రవేశానికి పట్టా అక్కరలేదు, పరీక్ష లేదు, చివర ధ్రువపత్రమూ లేదు. సోమవారం లాటిన్ చెప్పే విశ్రాంతాచార్యుడు బుధవారం ఒక విశ్రాంత నర్సు దగ్గర మొక్కల గురించి నేర్చుకోవచ్చు. కావలసినది ఒక గది, ఒక వారం, కొందరు మనుషులు. అంతే.

అమెరికా విశ్వవిద్యాలయాలు ఇంకొక మార్గం తొక్కాయి. బర్క్‌లీ వంటి చోట్ల విశ్రాంతుల కేంద్రమే ఉంది. అది ఆచార్యులదే కాదు, గుమాస్తాలదీ సాంకేతిక సిబ్బందిదీ కూడా. ఇటువంటి కేంద్రాలన్నీ కలిసి 2002లో ఒక సంఘంగా ఏర్పడ్డాయి.

మన దగ్గర? విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘం 2022 సెప్టెంబరు 5న, ఉపాధ్యాయ దినోత్సవం నాడు, విశ్రాంతాచార్యులకు పరిశోధన వేతనాలు ప్రకటించింది. దేశం మొత్తానికి వంద. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నుంచి 1989లో విరమించిన భౌతికశాస్త్రాచార్యులు చిలుకూరి శాంతమ్మగారు తొంభై దాటిన తరువాత కూడా విశాఖనుంచి విజయనగరం వెళ్ళి పాఠాలు చెప్పడం ఆ రోజులలోనే పత్రికలలో వచ్చింది. ఆమె గిడుగువారి కోవకు చెందినవారు. వందలో చేరనివారు, ఆ కోవకు చెందనివారు మిగిలిన వేలమంది. వారిలో గుమాస్తాలూ అటెండర్లూ ప్రయోగశాలల సహాయకులూ ఏ లెక్కలోకీ రారు.

వీరందరూ ఏడాదికొకసారి తప్పనిసరిగా కలుసుకొనే సందర్భం ఒకటి ఉండేది. తాము బ్రతికే ఉన్నామని రుజువు చేసుకొనేందుకు కార్యాలయానికో బ్యాంకుకో స్వయంగా వెళ్ళే రోజు. వరుసలో నిలబడి అవమానంగా తోచినా, ఆ వరుసలోనే ఎవరున్నారో ఎవరు లేరో తెలిసేది. 2014 నవంబరులో వేలిముద్రతో పనిచేసే "జీవన్ ప్రమాణ్" వచ్చింది. మోకాళ్ళ నొప్పులవారికి ఎంతో మేలు చేసింది, కాదనను. కాని ఆ వరుస కూడా పోయింది.

ఇంతకూ నేను చెప్పదలచినది ఒక్కటే. నూటపాతికేళ్ళలో పింఛను దయనుంచి హక్కుగా మారింది. గుమ్మం మాత్రం ఇంకా దయగానే ఉంది. గ్రంథాలయపు కార్డు, వారానికొక పూట ఒక ఖాళీ గది, కరపత్రాలలో ఆహ్వానితుల కింద ఒక పంక్తి - ఇవి కోటి డాలర్ల పనులు కావు. "నో డ్యూస్" కాగితం మీద గ్రంథాలయాధికారి పాత కార్డు తీసుకొని సంతకం చేసేటప్పుడే, అదే బల్లమీద కొత్త కార్డు ఇవ్వవచ్చు. ఆచార్యునికీ, అటెండరుకూ కూడా.

మాస్టారు ఇప్పుడేం చేస్తున్నారంటారా? ఆయన ఇంటి వసారాలో గురువారం సాయంత్రాలు నలుగురు పోగవుతున్నారు. తమ విశ్వవిద్యాలయం తొలినాళ్ళ ముచ్చట్లు ఆయన చెబుతుంటే అటెండరు పెద్దాయన నోటుపుస్తకంలో వ్రాస్తున్నాడు. తేదీల దగ్గర ఇద్దరికీ తగాదా వస్తుంది. సరిచూడవలసిన పుస్తకం ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. దక్షిణపు గది, కిటికీ పక్క బీరువా, పైనుంచి రెండవ అర. వెళ్ళి చూసివచ్చేందుకే వీలులేదు. అందుకని నోటుపుస్తకంలో ఆ తేదీల దగ్గర ఖాళీలు విడిచిపెడుతున్నారు.

మీ ఊరి విశ్వవిద్యాలయంలో ఆ గుమ్మం తెరిచే ఉందా? తెరిచి ఉంటే ఎలా తెరిచారో తెలియజేయగలరు. మా వాళ్ళకు చూపించాలి.