దక్షిణ సముద్రమున మిగిలిపోయిన సారము

1840 ప్రాంతమున జేమ్స్ క్లార్క్ రాస్ నౌకలలో అంటార్కిటికా చుట్టును సంచరించిన యువ వృక్షశాస్త్రజ్ఞుడు జోసఫ్ హుకర్, మంచుపలకలకు గోధుమవన్నెలో అంటుకొనియున్న పదార్థమును సూక్ష్మదర్శినితో పరీక్షించి, అది మురికి గాదనియు, గాజువంటి కవచములుగల డయాటములను ఏకకణ సస్యములనియు గుర్తించి, ఆ శీతల సముద్రపు జీవరాశికి అవియే ఆహారమూలమని గ్రహించెను. ఎంత దూరదృష్టి!

దక్షిణ జార్జియా ద్వీపమున 1904లో తిమింగిలవేట కేంద్రము వెలసి, ఆ మహాప్రాణుల సంహారము ఘోరముగా సాగినపిమ్మట, తిమింగిలతైలముపై విధించిన సుంకముతో 1925లో ‘డిస్కవరీ’ పరిశోధనలు ఆరంభమయ్యెను. అందు ఒక చిక్కుప్రశ్న తలయెత్తెను: ఆ సముద్రమున లోతునుండి ఉబికివచ్చు జలములు నైట్రేటును, ఫాస్ఫేటును పుష్కలముగా తెచ్చుచున్నను, వేసవి వెలుతురు దీర్ఘముగా నిలుచుచున్నను, ఉపరితలమున ఆ సారములో పెక్కుభాగము ఏ సస్యమునకును ఉపయోగపడక మిగిలిపోవుటకు కారణమేమి? ఇనుము కొరత కావచ్చునని ఆ పరిశోధకులలో ఒకడైన హార్ట్ 1934లో సూచించెను గాని, ఇనుపనౌకపైనుండి తోడిన నీటిలో ఆ లవలేశమును నమ్మకముగా కొలుచు ఉపాయము నాడు లేకుండెను. అర్ధశతాబ్ది గడచినపిదప, అమెరికాలో జాన్ మార్టిన్ అతినిర్మలములైన పద్ధతులతో కొలిచి ఆ యూహకు బలము చేకూర్చెను. ఆయన గతించిన తరువాత, 1999లో ఆస్ట్రేలియాకు దక్షిణమున ఇనుప లవణము చల్లగా సూక్ష్మసస్యములు విస్తారముగా పెరిగెను.

2009లో గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థ జర్మనులతో గూడి, దక్షిణ అట్లాంటిక్‌లో 300 చదరపు కిలోమీటర్ల మేర అట్లే చల్లెను. అచట గాజుకవచములకు వలయు సిలికా ముందే తరిగియుండుటచే డయాటములు పెరుగలేదు. పెరిగిన తక్కిన సస్యములను చిరుజంతువులు మేసివైచెను. సస్యములు గాలినుండి గ్రహించినదానిలో లోతునకు దిగిన కర్బనము స్వల్పము. కావున, ఇనుము చల్లి భూతాపమును తగ్గింపవచ్చునను మాటను తొందరపడి నమ్మరాదు.