ఒక్కో తీగది ఒక్కో పని

మార్కాపురంలో పలకరాయి కోసే ఫ్యాక్టరీ మోటార్లకు త్రీఫేజు కరెంటు కావాలి. ఆ పక్క వీధిలో మామూలు ఇళ్లకు స్తంభం మీది నుంచి రెండు తీగల సర్వీసు వైరే దిగుతుంది. గిద్దలూరు, కంభం వైపు చేలల్లో బోరు మోటారుకు మూడు తీగలు పోతాయి, ఆ మూడూ కరెంటు తెచ్చే ఫేజులే. ఇంట్లో ఫ్రిజ్ ప్లగ్గుకూ మూడు పిన్నులుంటాయి, అయితే అందులో ఫేజు ఒక్కటే. ఇదంతా పైపైన చూసినవాళ్లు తీగలు పెరిగితే కరెంటు పెరుగుతుందని తేల్చేస్తారు. ఒక తీగ లేకపోతే పక్కదానితో సర్దుకోవచ్చనీ అనుకుంటారు. ఈ తీగలు ఏ వరుసలో, ఏ అవసరం కొద్దీ పుట్టాయో చూస్తే ఆ రెండు ఊహలూ నిలవవు. ఒక్కో తీగ ఒక్కో లోటు పూడ్చడానికి వచ్చింది. దాని పని ఇంకోదానికి అప్పజెబితే ఇంట్లోవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది. మార్కాపురం ప్రాంతపు నేల తీరు ఆ ముప్పును ఇంకాస్త పెంచుతుంది.

కరెంటు పారాలంటే పోయే దారి ఒకటి, తిరిగొచ్చే దారి ఒకటి ఉండాలి. 1882లో న్యూయార్కులోని పెర్ల్ స్ట్రీట్ కేంద్రం నుంచి ఎడిసన్ ఇచ్చింది ఈ రెండు తీగల మీద 110 వోల్టుల డైరెక్ట్ కరెంటే. వోల్టేజీ తక్కువైతే అంతే వెలుగుకు కరెంటు ఎక్కువ పారాలి, దానికి రాగి తీగ లావుగా ఉండాలి. నాలుగు వీధులు దాటేసరికి రాగి ఖర్చు తడిసి మోపెడయింది. దానికి విరుగుడుగా రెండు జనరేటర్లను వరుసలో కలిపి, ఆ కలయిక నుంచి నడిమి తీగ ఒకటి లాగారు. బయటి తీగల మధ్య 220 వోల్టులు, నడిమి తీగకూ ఏదో ఒక బయటి తీగకూ మధ్య 110. ఇంగ్లండులో జాన్ హాప్కిన్సన్ 1882లోనూ, అమెరికాలో ఎడిసన్ 1883లోనూ దీనికి పేటెంట్లు పొందారు. మూడు తీగలనూ ఒకే లావున వేసినా పాత పద్ధతికి పట్టే రాగిలో 37.5 శాతం చాలు. తీగ ఒకటి పెరిగింది, రాగి సగానికన్నా తగ్గింది. న్యూట్రల్ అనే నడిమి తీగ అలా పొదుపు కోసం పుట్టింది. రెండు పక్కలా వాడకం సమానంగా ఉంటే అందులో కరెంటు పారదు. హెచ్చుతగ్గులుంటే ఆ తేడాను మాత్రం అది మోస్తుంది.

నాలుగు తీగల కథ మోటారుతో మొదలైంది. ఏఈజీ కంపెనీలో పనిచేసిన దోలివో దొబ్రొవోల్‌స్కీ మూడు ఆల్టర్నేటింగ్ కరెంటులను ఒకదాని వెనుక ఒకటి, చక్రంలో మూడో వంతు తేడాతో నడిపించే త్రీఫేజు పద్ధతిని నిలబెట్టినవారిలో ముఖ్యుడు. 1891లో జర్మనీలోని లాఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్ దాకా 175 కిలోమీటర్లు ఆ కరెంటు పంపి చూపించారు. మూడు కరెంటులూ సమానంగా ఉంటే వాటి మొత్తం ఏ క్షణాన లెక్కగట్టినా సున్నాయే. అందుకే తిరుగు తీగ లేకుండానే మోటారు తిరుగుతుంది. దోర్నాల మీదుగా నల్లమల ఘాటు ఎక్కితే వచ్చే శ్రీశైలం కుడిగట్టు కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు ఏడున్నాయి. అవి పుట్టించేదీ త్రీఫేజు కరెంటే. టవర్ల మీద దూరాలు దాటేటప్పుడు, చివరికి 11 కేవీ లైనుగా ఊరికి వచ్చేటప్పుడు కూడా దానికి మూడు తీగలే చాలు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ లోపల మూడు చుట్ల కొసలను ఒకచోట కలిపి, ఆ కలయికను నేలకు ఎర్తు చేసి, అక్కడి నుంచి నాలుగో తీగ లాగుతారు. మనింటి న్యూట్రల్ పుట్టిల్లు అదే. రెండు ఫేజుల మధ్య 400 వోల్టులు, ఏ ఫేజుకైనా న్యూట్రల్‌కూ మధ్య 230. మోటారుకు మొదటిది, బల్బుకు రెండోది. ఒకే స్తంభాల మీద ఫ్యాక్టరీకీ ఇంటికీ కరెంటు ఇవ్వగలిగింది ఈ ఏర్పాటు వల్లే. త్రీఫేజు ఇంట్లోనూ ఒక్కో ఫ్యానుకూ బల్బుకూ అందేది 230 వోల్టులే. మూడు ఫేజులు చేసేది పెద్ద లోడును మూడు తీగల మీదికి పంచడం, అంతే.

స్తంభాల మీది న్యూట్రల్‌లో కరెంటు కొద్దిగానే పారుతుంది, తెగితే నష్టమేముందని అడగొచ్చు. వీధిలో ఒకేసారి టీవీలు కాలిపోయి, హై వోల్టేజీ వచ్చిందని జనం అనుకునే సందర్భాల్లో తరచు జరిగేది న్యూట్రల్ తెగడమే. ఒక ఫేజు మీద 100 వాట్ల వాడకమున్న ఇల్లు, ఇంకో ఫేజు మీద 1000 వాట్ల ఇస్త్రీ పెట్టె నడుస్తున్న ఇల్లు ఉన్నాయనుకుందాం. స్తంభం మీద న్యూట్రల్ తెగగానే ఆ రెండిళ్లూ ఒకే వరుసలో పడి 400 వోల్టులను పంచుకుంటాయి. వాటా సమానంగా పడదు. వాడకం తక్కువున్న ఇంటి మీద సుమారు 364 వోల్టులు, ఇస్త్రీ పెట్టె ఇంటి మీద 36 వోల్టులు పడతాయి. ఒకరికి బల్బు ఫట్‌మంటుంది, ఇంకొకరికి పెట్టె వేడెక్కదు. పొదుపు కోసం పుట్టిన తీగ ఇలా అందరి వోల్టేజీనీ పట్టి ఉంచే తీగ అయింది.

భూమిని తీగకు బదులు వాడుకోవడం ఇంటి కరెంటు కన్నా పాతది. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ టెలిగ్రాఫుకు ఒక్క తీగ చాలనీ, తిరుగు దారిగా నేలే సరిపోతుందనీ కనిపెట్టాడు. చేలో మోటారు దగ్గర న్యూట్రల్ లేదని ఒక ఫేజు తీసుకుని, బల్బు రెండో కొసను నేలలో దిగ్గొట్టిన కడ్డీకి కట్టేవాళ్లు చేసేదీ అదే. బల్బు వెలుగుతోంది కదా అంటారు. టెలిగ్రాఫులో పారేది బహు స్వల్పమైన కరెంటు. ఇక్కడ తోసేది 230 వోల్టులు. కడ్డీ చుట్టూ నేలలో అడుగు అడుగుకూ వోల్టేజీ మారుతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ దూరమెక్కువ కాబట్టి ఆ తేడా మనిషి కన్నా ముందు ఎద్దుకు తగులుతుంది. కడ్డీ నుంచి తీగ ఊడితే ఆ ఊడిన కొసకే ఫేజు వచ్చి నిలుస్తుంది.

ఇంట్లోని ఎర్తు తీగ పని వేరు. మామూలుగా అది కరెంటు మోయకూడదు. పరికరం లోపల ఫేజు తెగి ఇనుప ఒంటికి ఆనినప్పుడే దాని పని మొదలవుతుంది, ఆ కరెంటును నేలలోకి పంపి ఫ్యూజు ఎగిరేలా చేయాలి. ప్లగ్గులో ఎర్తు పిన్ను పొడుగ్గా ఉండేది అందుకే. పెట్టేటప్పుడు అది ముందు తగులుతుంది, తీసేటప్పుడు ఆఖరున వదులుతుంది. ఎండాకాలంలో నీళ్లు నింపి నడిపే రేకు కూలరు దీనికి తొలి పరీక్ష. ఎర్తు గుంతకు 20 ఓములు, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్తుకు 3 ఓములు నిరోధం ఉందనుకుందాం. లోపం వస్తే పారేది 10 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఫ్యూజు దానికి చలించదు. కూలరు ఒంటి మీద 200 వోల్టులు అలాగే నిలుస్తాయి. ఈ ప్రాంతానికి ఈ లెక్క ఊరికే చెప్పేది కాదు. విద్యుత్తు తొలి రోజుల్లో పాశ్చాత్య దేశాల్లో స్విచ్‌బోర్డులను పలకరాతితో చేసేవారు, అది కాలదు, కరెంటును పారనివ్వదు కాబట్టి. ఆ జాతి రాయే మార్కాపురం నేల కింద పరచుకుని ఉంది. బోర్డుకు మేలు చేసిన గుణమే ఎర్తుకు చేటు. పైగా వానలు తక్కువ, మన్ను పొడి. ఉప్పు, బొగ్గు వేసిన గుంతలో వేసవిలో నీళ్లు పోయకపోతే నిరోధం ఇంకా పెరుగుతుంది. అందుకే ఇక్కడ ఎర్తుకు తోడుగా ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు తప్పదు. ఫేజులో పోయిన కరెంటూ న్యూట్రల్‌లో తిరిగొచ్చినదీ సరిపోతున్నాయా అని అది చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వస్తే సరఫరా తెంచేస్తుంది.

న్యూట్రల్, ఎర్తు రెండూ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర కలిసేవే కాబట్టి మూడో పిన్నుకు న్యూట్రలే కలిపేస్తే పోతుంది కదా అనేవాళ్లుంటారు. సర్వీసు వైరులో న్యూట్రల్ తెగిన రోజున ఫేజు వెలుగుతున్న బల్బు గుండా వచ్చి ఫ్రిజ్ తలుపు మీదికి చేరుతుంది. బల్బు ఆరిపోతుంది, తలుపు మాత్రం షాకు కొడుతుంది. ఫోన్ ఛార్జరుకు రెండు పిన్నులే కదా అంటే, దానికి ఇన్సులేషన్ రెండింతలుంటుంది, తగలడానికి ఇనుప ఒళ్లు లేదు. ఏళ్ల తరబడి రెండు తీగలతోనే గడిచిందనే మాటకు కొంత బలముంది. ఆ ఇళ్లలో అప్పుడున్నవి బల్బూ ఫ్యానూ మాత్రమే. ఇప్పుడు అదే వైరింగు మీద ఫ్రిజ్, గ్రైండరు, గీజరు, కూలరు చేరాయి. వైరింగు వయసు మాత్రం తగ్గలేదు.

కాబట్టి స్తంభం నుంచి రెండు తీగలే వచ్చాయని చిన్నబుచ్చుకోనక్కర్లేదు, లోడు తక్కువైతే అవి చాలు. లోడు పెరిగితే నాలుగు తీగలకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ ఎర్తు ఆ లెక్కలో చేరదు. రెండు తీగల ఇంటికి అది మూడోది, నాలుగు తీగల ఇంటికి ఐదోది. సరఫరా ఏదైనా ప్రతి ప్లగ్గు పాయింటుకూ ఆ పచ్చ తీగ వెళ్లాలి, గుంత తడిగా ఉండాలి, ఆర్‌సీసీబీ మీద ఉన్న పరీక్ష బటన్ నొక్కి అది పడుతోందో లేదో నెలకోసారి చూసుకోవాలి.