చూపును మరచే మెదడు

శ్రీకాళహస్తి కన్నప్ప కథ ఎరుగని తెలుగువారు అరుదు. స్వామి కంట నెత్తురు కారగా, తిన్నడు తన కన్ను పెకలించి అమర్చినాడు. రెండవ కన్నూ ఈయబోగా స్వామి వారించినాడు. కన్నును మించిన కానుక లేదని మన పెద్దల భావము. అయితే చూపు కంటితోనే ముగియదు. కన్ను అందించిన వెలుగును రూపముగా గ్రహించునది మెదడు పైపొర. కన్ను నిర్దోషముగా ఉండియు, ఆ పొర దాని మాటను ఆలకించుట మానినచో ఏమగును? ఈ ప్రశ్నకు సమాధానము లభించుటకు రెండువందల యేండ్లకు పైగా పట్టినది.

మెల్లకన్ను గలవారిలో తరచుగా ఒక కంటి చూపు మందగించి ఉండునని, మంచి కంటిని కొంతకాలము మూసి ఉంచినచో రెండవది బలపడగలదని 1743లో ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ వ్రాసినాడు. ఉపాయము తెలిసినది గాని కారణము తెలియలేదు. 1888లో స్పెయిన్ దేశీయుడు కహాల్, నాడీకణములు దేనికది వేరని చూపినాడు. వాటి నడుమనున్న సంధికి 1897లో షెరింగ్టన్ ‘సినాప్స్’ అని పేరు పెట్టినాడు. కలిసి పనిచేయు కణముల సంధులు బలపడునని 1949లో హెబ్ ప్రతిపాదించినాడు. అట్లయిన బలహీనపడు మార్గమేది?

1963లో హ్యూబెల్, వీసెల్ అను శాస్త్రజ్ఞులు పసి పిల్లికూనల ఒక కంటి రెప్పను కొన్ని వారములు మూసి, పిమ్మట తెరచినారు. కన్ను బాగుగనే ఉన్నది. కాని మెదడు పైపొరలో దానికి స్పందించు కణములు మిక్కిలి తక్కువైనవి. పెరిగిన పిల్లులలో ఇట్టి నష్టము కలుగలేదు. వీరికి 1981లో నోబెల్ బహుమతి లభించినది.

1992లో సెరీనా డ్యూడెక్, మార్క్ బేర్ అనువారు ఎలుక మెదడులో జ్ఞాపకమునకు సంబంధించిన భాగమునకు మెల్లమెల్లగా 900 విద్యుత్ స్పందనలను అందించగా, ఆ సంధులు బలహీనపడి చాలసేపు అట్లే నిలిచినవి. మరుసటి యేడు చూపునకు సంబంధించిన పైపొరలోను ఇదే కనిపించినది. సంధిలోనికి కాల్షియం కొద్దికొద్దిగా చేరగా, సందేశమును అందుకొను గ్రాహకములు వెనుకకు తీసివేయబడును. దీనినే దీర్ఘకాలిక క్షీణత అందురు.

వాడని కాలువ పూడినట్లు ఇది జరుగునని తోచవచ్చును. కాని 1999లో బేర్ బృందము వింతైన విషయము కనుగొన్నది. కంటిని మందుతో పూర్తిగా నిశ్శబ్దము చేసినప్పటికంటె, రెప్ప మూసి మసక వెలుగు మాత్రమే సోకనిచ్చినప్పుడు నష్టము అధికము. మన రాయలసీమ చెరువుల నీరుగంటిని తలచుకొనుడు. నీరు రానప్పుడు అతడు తూము జోలికి పోడు. పొలమునకు పనికిరాని బురదనీరు వచ్చునప్పుడే బిగించును. మెదడును అట్లే చేయును. ఇది తుప్పు కాదు, నిర్ణయము. అక్కరలేని సంధులను సడలించుట విద్యాభ్యాసమునకును అవసరమే. పసితనమున తప్పుడు సమాచారము వచ్చినప్పుడే అది కీడగును.

మెల్లకన్ను అదృష్టమను నమ్మకము మన పల్లెలలో నేటికిని వినబడుచున్నది. ఆ మాట నమ్మి ఊరకున్న యింట, బిడ్డ మెదడు ఒక కంటి తూమును మెల్లగా బిగించుచుండును. మెల్ల లేకున్నను, రెండు కన్నుల శక్తిలో హెచ్చుతగ్గులున్నచో ఇదే జరుగవచ్చును. రెండవ కంటితో బాగుగ చూచు బిడ్డ ఫిర్యాదు చేయదు. కనుక బడిలో చేర్చుటకు ముందే ఒక్కొక్క కంటిని విడివిడిగా వైద్యునిచే పరీక్ష చేయించవలెను. కంటిలో శుక్లమున్న దానిని తొలగించుట, తగిన అద్దములిచ్చుట, పిమ్మట వైద్యుడు చెప్పిన గంటలు మంచి కంటికి పట్టీ వేయుట, ఇదియే చికిత్స. ఏడేండ్ల లోపు ఫలితము మెండు; ఆపై వయసువారిలోను కొందరికి మేలు కలుగుచున్నది. బిగిసిన తూమును తెరచుటకు కాలము మించకమునుపే పూనుకొనుట తల్లిదండ్రుల చేతిలోని పని.