చెక్కు ఎవరి పేరున వచ్చింది?

ఈసారి పోస్టు కాస్త పెద్దది. ఓపికగా చదవండి, చివరికి ఇది మన ఊరి పాసుబుక్కు దాకా వస్తుంది.

అమెరికాలో ఆర్కన్సా రాష్ట్రంలో పాయిన్సెట్ కౌంటీ ఉంది. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. 1930ల్లో అక్కడ అంతా పత్తి. పొలం ఒకరిది, చాకిరీ ఇంకొకరిది. పాలుకి చేసేవాళ్లలో తెల్లవాళ్లూ నల్లవాళ్లూ ఉన్నారు. ఉండే గుడిసె కూడా ఆసామిదే. పండినదాంట్లో సగం పాలు ఇచ్చి, అందులోంచే అప్పులు పట్టుకునేవాడు. మన తాతలకి తెలిసిన లెక్కే కదా.

1932లో పత్తి ధర పౌండుకి ఆరేడు సెంట్లకి పడిపోయింది. 1933 మేలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం ఒక చట్టం తెచ్చింది. పంట తగ్గించండి, తగ్గించినందుకు మేం డబ్బులిస్తాం అంది. ఆ ఏడాది దాదాపు కోటి ఎకరాల్లో మొలిచిన పత్తిని దున్నేశారు.

తర్వాతి ఏడాది ఒప్పందంలో లెక్క ఇలా ఉంది. బీడు పెట్టిన భూమిలో మామూలుగా పండే పత్తిని బట్టి పౌండుకి 3.5 సెంట్ల అద్దె, దానిపైన ఇంకో సెంటు. మొత్తం 4.5. అందులో పాలుకి చేసేవాడికి అర సెంటు, మిగతా 4 సెంట్లు ఆసామికి. ఆ అర సెంటు కూడా ఆసామి చేతి మీదుగానే రావాలి.

కౌలుదార్ల సంఖ్యని "వీలైనంతవరకు" తగ్గించొద్దని కూడా ఒప్పందంలో రాశారు. ఆ ఒక్క మాట సందులోంచే ఎన్నో కుటుంబాలు రోడ్డున పడ్డాయి. సాగు తగ్గాక ఇంతమంది ఎందుకు అన్నారు ఆసాములు. ఫిర్యాదు చేద్దామంటే కౌంటీ కమిటీ దగ్గరికే పోవాలి, అందులో పెత్తనమంతా వాళ్లదే.

1934 జూలైలో టైరోంజా అనే చిన్న ఊరి దగ్గర ఒక బడిలో 18 మంది కూర్చున్నారు. 11 మంది తెల్లవాళ్లు, 7గురు నల్లవాళ్లు. సంఘం వేరువేరుగా పెట్టాలా, కలిసి పెట్టాలా అని మాట వచ్చింది. కలిసే పెట్టారు. అదే దక్షిణాది కౌలు రైతుల సంఘం. దాన్ని నిలబెట్టినవాళ్లలో గ్యాస్ స్టేషన్ నడిపే క్లే ఈస్ట్, పక్కనే డ్రైక్లీనింగ్ షాపు పెట్టుకున్న హెచ్.ఎల్. మిచెల్ ఉన్నారు. మన లాంటి పనులు చేసుకునేవాళ్లే.

1935 ఫిబ్రవరిలో, ఉన్న కౌలుదార్లనే ఉంచాలని ఒప్పందానికి అర్థం చెప్పిన ప్రభుత్వ లాయర్ల ఉద్యోగాలు పోయాయి. సంఘం తగ్గలేదు. ఆ ఏడాది పత్తి ఏరే కూలి కోసం సమ్మె చేసి చాలాచోట్ల రేటు పెంచుకుంది. అయితే చట్టాలు మారి కౌలుదారుకి వాటా నేరుగా వెళ్లడం మొదలయ్యాక, కొందరు ఆసాములు కౌలే ఎత్తేసి ట్రాక్టర్లు కొన్నారు, మనుషుల్ని రోజు కూలికి పెట్టుకున్నారు.

ఇక మన సంగతి. తెలంగాణలో 2018లో రైతుబంధు వచ్చింది, పంటకి ఎకరానికి 4,000 రూపాయలు. డబ్బు పట్టాదారుకే వెళ్లింది, దున్నే కౌలు రైతుకి రాలేదు. ఆంధ్రాలో 2019లో రైతు భరోసా కొన్ని వర్గాల భూమిలేని కౌలుదార్లకీ ఇచ్చారు. కానీ దానికి సాగుదారు కార్డు కావాల్సి వచ్చింది, కార్డుకి యజమాని ఒప్పుకోవాలి.

గల్ఫ్‌లో ఉన్నా అమెరికాలో ఉన్నా, మనలో ఎంతోమందిమి నాలుగు డబ్బులు వెనకేసి ఊళ్లో ఎకరమో రెండెకరాలో కొన్నాం. దున్నేది వేరేవాళ్లు. సంతకం పెడితే భూమి పోతుందేమోనని భయం. ఆ 2019 చట్టం ప్రకారం కార్డు గడువు 11 నెలలే, దానితో భూమి మీద హక్కు రాదు. ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఒక్క మాట అడుగుదాం: మన చేను చేసే మనిషికి కార్డు ఉందా? లేకపోతే సంతకం పెట్టాల్సింది మనమే.