నడవని కారు చెప్పే చరిత్ర

పరుగు కోసం పుట్టిన బండిని, అది పరుగెత్తలేదన్న కారణాన మెచ్చుకోవడం వింతగా తోచవచ్చు. అమెరికాలో పాత ‘మజిల్ కార్ల’ అభిమానుల తీరు అదే. మధ్యరకపు కారులో పెద్ద ఇంజను బిగించే ఈ పద్ధతి 1964లో పాంటియాక్ జీ.టీ.ఓ.తో విశేష ప్రచారంలోకి వచ్చినది.

వీటిలో మిక్కిలి అరుదైనవాటిలో ఒకటి 1969 నాటి డాడ్జి చార్జర్ డేటోనా. పందెంలో దింపదలచిన నమూనా కార్లు కనీసం 500 తయారుచేసి ప్రజలకు అమ్మవలెనని నాటి నిబంధన. కంపెనీ తయారుచేసినవి 503. గాలిని చీల్చే కోసుముక్కు, వెనుక చక్రాలను నేలకు అదిమిపట్టే ఎత్తైన రెక్క దీని గుర్తులు. 1970 మార్చి 24న టాలడేగా బాటపై బడ్డీ బేకర్ ఇట్టి కారును గంటకు 200 మైళ్లకు మించిన వేగంతో నడిపినాడు. మరుసటి ఏడే పందెపు నిబంధనలు వీటి ఇంజను పరిమాణాన్ని కుదించినవి. బీమా ఖర్చు, పొగపై చట్టాలు, 1973 నాటి చమురు కొరత కలిసి ఆ శకాన్నే ముగించినవి.

అమ్ముడైన కార్లను యజమానులు తనివితీర నడిపినారు. ఇంజన్లు మారినవి, రంగులు మారినవి. అందుచేత కొద్ది మైళ్లు మాత్రమే తిరిగిన కారు ఒకటి బయటపడితే, అభిమానులు నేలపై పడుకొని సైతం దాని అడుగుభాగాన్ని పరికిస్తారు. ఫ్యాక్టరీలో వేసిన రంగు, పనివారు సుద్దతో పెట్టిన గుర్తులు, నాటి టైర్లు, ఇవే వారికి కావలసినవి. బాగుచేసిన కారు ఎంత మెరిసినా ప్రతిలేఖనమే. ఇది మూల తాళపత్రం.

అయితే చదివినంతమాత్రాన తాళపత్రంలోని అక్షరం చెరగదు. ఈ కారు మాత్రం నడిపిన ప్రతి మైలుకూ తన సాక్ష్యాన్ని కొంత కోల్పోతుంది. నడపకుంటే ఆ ఇంజను గర్జన ఎవ్వరికీ వినబడదు. దాని యజమానికి తీరని ధర్మసందేహమిది.