కడలూరు పేరు గల మైన్‌స్వీపర్ నౌక

నంది కొండలలో పుట్టి హోసూరు, కృష్ణగిరి మీదుగా మన ధర్మపురి జిల్లాకు వచ్చు దక్షిణ పినాకిని కడలూరు వద్ద సముద్రమున కలియును. తమిళులు దీనినే తెన్‌పెణ్ణై అందురు. ఆ కడలూరు (పాత పేరు కూడలూరు, అనగా నదులు కూడు చోటు) పేరుతో ఒక యుద్ధనౌక 1987 నుండి 2018 వరకు భారత నౌకాదళమున పనిచేసినది.

ఐ.ఎన్.ఎస్. కడలూరును సోవియట్ యూనియన్ తన దేశమున కట్టి మనకు అప్పగించినది. 1978-1988 మధ్య ఇట్టివి 12 నౌకలు వచ్చినవి. వాటిలో పెక్కింటికి రేవు పట్టణముల పేర్లు పెట్టిరి. మన తెలుగువారి కాకినాడ పేరు కూడ ఒకదానికి కలదు. కడలూరు నౌక పొడవు సుమారు 61 మీటర్లు, బరువు సుమారు 800 టన్నులు.

శత్రువులు రేవుల ముందు నీటిలో దాచు మందుపాతరలను తొలగించుటయే దీని పని. కొన్ని మందుపాతరలు అడుగున లంగరు వేసిన తాటికి కట్టబడి నీటి మట్టమునకు దిగువన తేలుచుండును. నౌక తన వెనుక కత్తెరలు బిగించిన తీగను ఈడ్చుకొని పోవును. తాడు తెగి మందుపాతర పైకి రాగానే తుపాకులతో పేల్చివేయుదురు. మరికొన్ని ఓడలోని ఇనుమును అయస్కాంత శక్తిచే పసిగట్టును, లేదా యంత్రముల శబ్దమునకు పేలును. వాటికి ఓడ వచ్చినదను భ్రమ కల్పించు పరికరములను వెనుక దూరముగా ఈడ్చి పేల్పింతురు. అందుకే ఈ నౌకకు అయస్కాంత గుణము తక్కువగల ఉక్కు వాడిరి. మైన్‌హంటర్ పద్ధతి వేరు. అది సోనార్‌తో ఒక్కొక్క మందుపాతరను వెదకి, తాను దూరముననే నిలిచి, నీటిలోనికి చిన్న యంత్రమును పంపి నాశనము చేయును.

సముద్రము మనకు దూరమే గాని మన పొలములకు చేరు ఎరువులలో కొంత ఓడలలోనే వచ్చును. రేవునకు ఇట్టి ముప్పు కలుగుట ఊహ కాదు. 1971 డిసెంబరు 3-4 రాత్రి విశాఖ ఎదుట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీకి అప్పగించిన పనులలో మందుపాతరలు పరచుట ఒకటి. అందున్న 93 మందియు మరణించిరి. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ దాడి వలన మునిగెనని మన నౌకాదళము చెప్పును. దాని మందుపాతరయే పేలెనని పాకిస్తాన్ వాదము.

కడలూరు 2018 మార్చి 23న విశాఖలో సేవ ముగించినది. 2019 ఏప్రిల్‌లో చివరిదైన కోళికోడ్ కూడ తప్పుకొనుటతో ఈ పనికై ప్రత్యేకించిన నౌక మనకు ఒక్కటియు మిగులలేదు. దక్షిణ కొరియా సాయముతో గోవాలో 12 మైన్‌హంటర్లు కట్టు ఏర్పాటు 2018లోనే రద్దయినది. ఇంత పెద్ద తీరము గల దేశమునకు ఇది చిన్న లోటు కాదు. 2025 జూలైలో రక్షణ శాఖ ఇట్టి నౌకల కొనుగోలునకు ప్రాథమిక ఆమోదము తెలిపినది. ఆమోదమునకును నౌక నీట దిగుటకును నడుమ ఏండ్లు పట్టును.